దుప్పి కొన్న గానుగ

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున మనుషులు వదిలేసి వెళ్ళిన ఒక ఊరు. ఊరు పాడుపడింది. ఇళ్ళ కప్పులు కూలిపోయాయి. గోడల మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. చెడకుండా మిగిలింది ఒక్కటే, గానుగ.

గానుగ అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకి తెలియదు కాబట్టి చెబుతున్నాను. భూమిలో పాతిన పెద్ద రోలు. అందులో ఏటవాలుగా నిలబెట్టిన రోకలి. రోకలికి కట్టిన పొడవాటి దూలం. ఆ దూలాన్ని ఎద్దు మెడకి కడితే అది రోలు చుట్టూ తిరుగుతుంది. తిరిగే కొద్దీ రోట్లో గింజలు నలిగి నూనె ఊరుతుంది. ఎద్దు కళ్ళకి గంతలు కడతారు. ఎందుకంటారా, కళ్ళు తెరుచుకుని ఒకేచోట గుండ్రంగా తిరిగితే ఎవరికైనా తల తిరిగిపోతుంది. గంతలు ఉంటే తిన్నగా ఎక్కడికో వెళ్తున్నట్టే ఉంటుంది. ఈ గంతల సంగతి గుర్తుపెట్టుకోండి. కథంతా వాటి దగ్గరే ఉంది.

మనుషులు వెళ్ళిపోతూ ఒక ముసలి ఎద్దుని వదిలేసి పోయారు. దాని పేరు కూర్మయ్య. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గానుగ తప్ప ఇంకొకటి తెలియని ఎద్దు. మనుషులు పోయినా కూర్మయ్య గానుగ మానలేదు. అడవిలో జంతువులన్నీ అతని దగ్గరికే వచ్చేవి. ఎలుగుబంటి ఇప్పగింజలు తెచ్చేవాడు. అడవిపంది ఒంటికి పట్టి రక్తం తాగే గోమార్లు పోవడానికి కానుగ గింజలు తెచ్చేది. కొండముచ్చులు వాగు అవతల ఏరిన నువ్వులు తెచ్చేవి. నూనె గింజలు తెచ్చినవాళ్ళది, నూనె దిగాక మిగిలిన పిండి గానుగ తిప్పినవాడిది. అదీ అక్కడి కట్టుబాటు. కానుగ పిండి చేదని పారబోసినా నువ్వుల పిండి మిగిలేది. మండువేసవిలో అడవంతా ఎండి, గడ్డిపోచ కోసం జంతువులు కొట్టుకునే రోజుల్లో కూడా కూర్మయ్య ఆకలితో పడుకోలేదు.

ఆ అడవిలోనే కొమ్మన్న అనే దుప్పి ఉండేవాడు. ఏపుగా పెరిగిన మగ దుప్పి. చెట్టుకొమ్మల్లా చీలిన కొమ్ములు, దున్నపోతులాంటి మెడ. అతని పని జింకల మందకి కాపలా కాయడం. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. ఎక్కడ ఆకు కదిలినా అతని చెవి కదిలేది. గాలిలో వాసన మారితే ముక్కు పైకి లేచేది. చిరుతపులి ఇంకా పొద వెనకాల ఉండగానే పోంక్ అని ఒక్క కేక వేసేవాడు. అంతే, మంద మొత్తం చెట్లలో కలిసిపోయేది. ఎన్ని ప్రాణాలు ఆ కేక వల్ల నిలిచాయో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పుకోకపోగా, అతనికి చెవులు పుట్టుకతో వచ్చాయి, అందులో అతని గొప్పేముంది అనేవాడు జింకల పెద్ద. మంద పచ్చిక మేసి వెళ్ళాక మిగిలిన మొదళ్ళు కొమ్మన్న మేసేవాడు.

ఇది అన్యాయం. అన్యాయమని నేనూ ఒప్పుకుంటాను. ఒకరి కింద పని చేసి, చేసిన పనికి మంచి మాట కూడా దక్కనివాడి కడుపుమంట నాకు తెలుసు. కానీ కడుపుమంట ఒకటి, కొత్త పనికి తగడం ఇంకొకటి. ఈ రెండూ ఒకటే అనుకున్నాడు కొమ్మన్న.

అతని భార్య పేరు పైడమ్మ. వాళ్ళిద్దరూ ఉండేది కంపగుంటలో. అదొక చిన్న పల్లం. చుట్టూ పరికి కంప, రేగు కంప గోడలా అల్లుకుని ఉండేవి. లోపల ఒక ఊటచెలమ. ఇంత చిన్న పచ్చిక. లోపలికి వెళ్ళాలంటే మోకాళ్ళ మీద వంగి ఒక సందులోంచి దూరాలి. ఆ సందు దగ్గర ముళ్ళు ఎలా పక్కకి జరుపుకోవాలో తెలిసినవాళ్ళకే తెలుసు. చిరుత చాలాసార్లు వాసన పట్టి వచ్చి, కంప చుట్టూ తిరిగి, ముక్కు గీరుకుని వెళ్ళిపోయింది. ఆ గుంట పైడమ్మ తల్లిది. తల్లి ఆమెని అక్కడే కన్నది. కళ్ళు మూసుకుని నిద్రపోయే దుప్పి అడవి మొత్తం మీద పైడమ్మ ఒక్కతే అని మిగతా దుప్పులు అసూయపడేవి.

ఒక ఏడాది చలికాలం చివర కూర్మయ్య కాలు పట్టేసింది. గానుగ ఇక తిప్పలేనని, ఎవరైనా తీసుకుంటే ఇచ్చేస్తానని అన్నాడు. బదులుగా అతను అడిగింది ఒక్కటే. ముసలితనంలో చిరుతకి భయపడకుండా పడుకోవడానికి ఒక చోటు.

ఈ మాట కొమ్మన్నకి చెప్పింది ఎలుగుబంటి జోగులు. జోగులు చెడ్డవాడు కాదు. నోరు మాత్రం ఊరుకోదు. కొమ్మన్నని బావా అని పిలిచేవాడు. నీ మెడకి కాపలా పని ఏమిటి బావా, ఆ దూలం నీ కోసమే చెక్కినట్టుంది అన్నాడు. పైగా గుర్రమంత ఎత్తుండే ఆ మనుబోతు కూడా గానుగ అడుగుతున్నాడట, ఆలస్యం చేస్తే పోతుంది అని ఒక మాట వేశాడు. మనుబోతు నిజంగా అడిగాడో లేదో జోగులుకే సరిగ్గా తెలియదు. అయినా ఆ మాటతో కొమ్మన్నకి నిద్ర పట్టలేదు.

కొమ్మన్న తెలివితక్కువవాడని అనుకోకండి. గానుగని బాగా పరీక్షించాడు. మొదట రోలు చూశాడు. కొమ్ముతో తట్టి, ఎక్కడైనా పగులు ఉందేమో శబ్దం విన్నాడు. తర్వాత రోకలి చూశాడు. చెద పట్టిందేమోనని మొదలు నుంచి చివర దాకా వాసన చూశాడు. ఆఖరున తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా పొదలో కూర్చుని, ఎవరెవరు గింజలు తెస్తున్నారో, ఎవరు సంతోషంగా వెళ్తున్నారో, ఎవరు గొణుక్కుంటూ వెళ్తున్నారో చూశాడు. అన్నీ బాగున్నాయి. గానుగలో ఒక్క లోపం లేదు. కూర్మయ్య ఒక్క అబద్ధం ఆడలేదు.

ఇంటికి వచ్చి పైడమ్మకి అంతా చెప్పాడు. రోలు గట్టిదన్నాడు, రోకలి చేవగలదన్నాడు, వేసవి ఇక మనకి లెక్కే కాదన్నాడు. పైడమ్మ నెమరు ఆపి విన్నది.

"గానుగ చుట్టూ తిరిగి చూశావు, బాగుంది. నీ చుట్టూ నువ్వు ఎప్పుడైనా తిరిగి చూసుకున్నావా?" అంది.

"నాకేం తక్కువ?"

"తక్కువని ఎవరన్నారయ్యా. ఎండుటాకు రాలితే లేచి నిలబడతావు. నిద్రలో కూడా నీ చెవులు తిరుగుతూనే ఉంటాయి. నీ పక్కన పడుకునేదాన్ని, నాకు తెలియదా? అటువంటివాడివి గంతలు కట్టుకుని తిరుగుతావా?"

"ముసలి ఎద్దు చేసిన పని నేను చేయలేనా? అలవాటవుతుంది."

పైడమ్మ ఇంకో మాట కూడా అడిగింది. గుంట ఇచ్చేశాక పని కుదరకపోతే మనం ఎక్కడ పడుకుంటాం అని. దానికి అతను కోపం తెచ్చుకున్నాడు. మొదలుపెట్టక ముందే అపశకునం పలుకుతున్నావన్నాడు. ఇంకెన్నాళ్ళు ఒకరి మందకి కాపలా కాయమంటావని అడిగాడు. అతను తలవంచుకుని మిగిలిన మొదళ్ళు మేయడం ఆమె ఎన్నోసార్లు చూసింది. ఇక కాదనలేకపోయింది. ఆమె ఒప్పుకున్నది గానుగ మంచిదని కాదు, అతని ముఖం చూడలేక.

మర్నాడు కొమ్మన్న కూర్మయ్య దగ్గరికి వెళ్ళి, కంపగుంట ఇస్తానని చెప్పాడు. ముసలి ఎద్దు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత మంచి చోటు దొరుకుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. వెంటనే సరే అనేయవచ్చు. అనలేదు.

"నాయనా, ఒక వారం రోజులు గంతలు కట్టుకుని నాతో కలిసి తిరుగు. ఆ తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు.

"నా బలం మీద అనుమానమా తాతా?"

"నీ బలం మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఈ పనికి బలం కొంచెం ఉంటే చాలు. చూడకుండా, వినకుండా, వేసిన అడుగే మళ్ళీ వేయగలగాలి. అది అందరి వల్లా కాదు. కానివాళ్ళు తక్కువవాళ్ళు కాదురా, వేరేవాళ్ళు. అంతే."

అప్పటికి చుట్టూ జంతువులు చేరాయి. చెట్ల మీద కొండముచ్చులు వరసగా కూర్చున్నాయి. ఈ మీసాలు లేని పెళ్ళికొడుకుకి పరీక్ష పెడుతున్నారర్రా అని ఒకటి కిచకిచలాడింది. అందరూ నవ్వారు. కొమ్మన్న మొహం ఎర్రబడింది. వారం కాదు, ఇప్పుడే చూడండి అన్నాడు. గంతలు లేకుండానే మెడకి దూలం కట్టించుకున్నాడు. బుసకొట్టి ఒక్క ఊపు ఊపాడు. ఎద్దు ఈడిస్తే మూలిగే రోకలి అతని లాగుడికి గిర్రున తిరిగింది. ఒక చుట్టు పూర్తి చేసి కొమ్ములు పైకెత్తి నిలబడ్డాడు. జోగులు చప్పట్లు కొట్టాడు. కొండముచ్చులు ఈలలు వేశాయి.

నాకు కోపం వచ్చేది ఇక్కడే, పిల్లలూ. ఒక్క చుట్టు ఎవడైనా తిరుగుతాడు. అతనికి బలం ఉందని అందరికీ ముందే తెలుసు. అతనికీ తెలుసు. తెలిసినదాన్నే మళ్ళీ చూపించి, పరీక్ష నెగ్గానని అనుకున్నాడు. తెలియనిది గంతల్లో ఉంది. అవి పక్కన మేకుకి వేలాడుతూనే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. మనలో చాలామంది ఇంతే. జవాబు వచ్చిన ప్రశ్నకే చెయ్యెత్తుతాం. రాని ప్రశ్న దగ్గర మాత్రం మనకి ఎక్కడలేని తొందర వస్తుంది.

కూర్మయ్య ఇంకొకసారి చెప్పి చూశాడు. కొమ్మన్న వినలేదు. నలుగురి ముందూ మాట అయిపోయింది. ఆ సాయంత్రమే కూర్మయ్య కుంటుకుంటూ కంపగుంటకి వెళ్ళాడు. సందులో ముళ్ళు ఎలా జరపాలో పైడమ్మే దగ్గరుండి చూపించింది. చూపించి, వెనక్కి తిరిగి చూడకుండా గానుగ దగ్గరికి వచ్చేసింది. అక్కడ గోడ లేదు, కంప లేదు. నాలుగు పక్కలా ఖాళీ. ఆ రోజు నుంచి ఆమె కళ్ళు మూసుకుని పడుకోలేదు.

మొదటి రోజు కొమ్మన్న గంతలు లేకుండా మొదలుపెట్టాడు. గంతలు ఎద్దులకి గానీ నాకెందుకు అన్నాడు. కాసేపు బాగానే సాగింది. తర్వాత చెట్లు తిరగడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత నేల తిరిగింది. పొద్దు నడినెత్తికి రాకముందే కాళ్ళు మెలికపడి రోటి పక్కన కూలిపోయాడు. అడవిపంది తెచ్చిన కానుగ గింజలు సగం నలిగి సగం నలగక ముద్దకట్టాయి. పంది ఆ ముద్దని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

రెండో రోజు గంతలు కట్టుకున్నాడు. కళ్ళ ముందు చీకటి కమ్మింది. ఎక్కడో ఎండుటాకు రాలింది. అది ఎండుటాకే అని చూస్తే తెలిసేది. చూడలేడు కదా. అతని ఒళ్ళు అతని మాట వినలేదు. తరతరాలుగా దుప్పుల కాళ్ళలో ఉన్న భయం ఒక్కసారిగా ఎగిరింది. దూలంతో సహా పరుగెత్తాడు. మెడకి కట్టిన తాడు తెగింది. దూలం కొస విరిగింది. కొండముచ్చుల నువ్వులన్నీ మట్టిలో పడ్డాయి. అవి చెట్టెక్కి ఒకటే నవ్వు. నవ్వుతూనే ఇక గింజలు తేవడం మానేశాయి.

విరిగిన కొసని నారతో బిగించింది పైడమ్మ. మూడో రోజు ఆమె గానుగ పక్కన నిలబడింది. అతను ఒక్కో చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా, ఏం లేదు, నడు అనేది. ఆకు రాలితే, అది ఆకు, నడు అనేది. ఉడుత గెంతితే, అది ఉడుత, నడు అనేది. ఆమె గొంతు పట్టుకుని అతను నడిచాడు. ఆ రోజు మొదటిసారి కుండలోకి నూనె జారింది. జోగులు వేలు ముంచి నాకి, బాగుంది బావా అన్నాడు.

అలా గానుగ సాగింది. బయటినుంచి చూసేవాళ్ళకి అంతా బాగున్నట్టే ఉంది. లోపలి సంగతి వేరు. పొద్దస్తమానం పైడమ్మ నిలబడే ఉండాలి. ఆమె మేసేది ఎప్పుడు? నిద్రపోయేది ఎప్పుడు? చీకటి పడ్డాక కాపలా, వెలుగొచ్చాక గానుగ. కొన్ని వారాలకే ఆమె పక్కటెముకలు బయటపడ్డాయి. నువ్వుల పిండి ముందు పోసినా నమలలేక నోట్లో పెట్టుకుని నిలబడేది. ఒకరి మెడకి కట్టిన దూలం ఇద్దరు మోస్తున్నారు. కానీ కొన్నది తనొక్కడే అన్నట్టు కొమ్మన్న నలుగురి ముందూ మాట్లాడేవాడు.

అప్పుడైనా చెప్పవచ్చు కదా. తాతా, నా వల్ల కావడం లేదు, గుంట వెనక్కి ఇచ్చెయ్ అని ఒక్క మాట అడగవచ్చు కదా. కూర్మయ్య కాదనేవాడు కాదు. ఒక మధ్యాహ్నం కూర్మయ్యే కుంటుకుంటూ వచ్చి, ఎలా ఉంది నాయనా అని అడిగాడు. పైడమ్మ కొమ్మన్న ముఖంలోకి చూసింది. కొమ్మన్న కొమ్ములు సర్దుకుని, బ్రహ్మాండంగా ఉంది తాతా అన్నాడు. కూర్మయ్య పైడమ్మ వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. ముసలివాడు ఇంకేమీ అడగలేక వెళ్ళిపోయాడు.

పైడమ్మ చిక్కిపోవడం కొమ్మన్న చూడలేదని కాదు. చూశాడు. చూసి బాధపడ్డాడు. ఆ బాధలోంచే అతనికొక ఉపాయం తట్టింది. వినబడితే కదా భయం, వినబడకపోతే భయమే లేదు అనుకున్నాడు. ఒక ఉదయం పైడమ్మ నీళ్ళకి వెళ్ళినప్పుడు జోగులుని పిలిచి, తన చెవుల్లో బూరుగు దూది కూరమన్నాడు. జోగులు ఒక క్షణం తటపటాయించాడు. నీ చెవులేనా బావా అన్నాడు. తర్వాత మామూలుగానే నవ్వేసి, గోటితో దూది లోపలికంటా తోశాడు.

పైడమ్మ వచ్చేసరికి కొమ్మన్న గంతలు కట్టించుకుని తిరుగుతున్నాడు. అడుగు తడబడటం లేదు. ఆమె రోటి పక్కన నిలబడి చూసింది. కొమ్మ విరిగి పడినా అతను ఉలిక్కిపడలేదు. ఆమెకి నమ్మకం కుదరలేదు. మధ్యాహ్నం అతను ఆగి, గోడ అవతలికి వెళ్ళి జోగులుతో దూది తీయించుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇక నువ్వు నిలబడక్కర్లేదు పైడీ. అలవాటైపోయింది. పడుకో."

"నిజంగా అలవాటైందా?"

"నిజంగానే. ఆకు ఏదో, పులి ఏదో ఇప్పుడు గంతల్లోంచి కూడా తెలుస్తోంది. ఏదైనా ఉంటే నేను కేక వెయ్యనా?"

ఆమె అతన్ని నమ్మింది. ఎందుకు నమ్మదు? మంద మొత్తాన్ని కాచిన చెవులు అవి. ఆ చెవుల మీద నమ్మకంతోనే ఆమె అతన్ని కట్టుకుంది. గానుగ పక్కన కూలిన గోడ నీడలో కాళ్ళు ముడుచుకుని పడుకుంది. ఎన్నో వారాల తర్వాత కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత రోజులు గానుగ ఎన్నడూ నడవనంత బాగా నడిచింది. రోజూ పైడమ్మ పడుకున్నాక జోగులే వచ్చి దూది కూరేవాడు. నూనె తేటగా దిగేది. అడవిపంది తిరిగి వచ్చింది. కొండముచ్చులు మళ్ళీ నువ్వులు తెచ్చాయి. కూర్మయ్య నూనె కంటే కొమ్మన్న నూనె నయమని అన్నవాళ్ళు కూడా ఉన్నారు. కొమ్మన్న ఆ మాటలు విని పొంగిపోయేవాడు. విననిది ఏమిటంటే, పాడుబడ్డ ఊరి వెనకాల గడ్డిలో ఒక మెత్తటి అడుగు రోజూ కొంచెం కొంచెం దగ్గరవుతోంది.

ఒకనాడు పొద్దు వాలే వేళ జోగులు ఇప్పగింజలు తెచ్చాడు. చాలా గింజలు. నూనె బాగా దిగేలా ఉంది, తెచ్చిన సొరబుర్ర చాలదు, ఇంకొకటి తెస్తానని వెళ్ళాడు. కొమ్మన్న తిరుగుతూనే ఉన్నాడు. కళ్ళకి గంతలు. చెవుల్లో దూది. గోడ నీడలో పైడమ్మ నిద్రపోతోంది.

కొమ్మన్న ఒక చుట్టు తిరిగాడు. ఇంకొక చుట్టు తిరిగాడు. రోకలి బరువు తగ్గింది, గింజ బాగా నలిగిందని సంతోషపడ్డాడు. ఈ వేసవి దాటితే పైడమ్మ మళ్ళీ ఒళ్ళు చేస్తుంది అనుకున్నాడు. కాపలా రోజులు గుర్తొచ్చి నవ్వుకున్నాడు. తిరుగుతూనే ఉన్నాడు.

ఎవరో మెడ పట్టుకుని ఆపారు. గంతలు పీకేశారు. ఎదురుగా జోగులు. రొప్పుతున్నాడు. సొరబుర్ర ఎక్కడో పారేసినట్టున్నాడు. అతని నోరు కదులుతోంది. ఏదో అడుగుతున్నాడు, గట్టిగా, మళ్ళీ మళ్ళీ. కొమ్మన్నకి ఒక్క మాట కూడా వినబడలేదు. ఉన్నట్టుండి జోగులు నోరు ఆగిపోయింది. అతని చూపు కొమ్మన్న చెవుల మీద పడింది. తర్వాత తన గోళ్ళ మీద పడింది. మెల్లగా చెయ్యెత్తి, ఒక చెవిలోంచి దూది తీశాడు. రెండో చెవిలోంచి తీశాడు.

ముందు వినబడింది కుండలో నూనె చుక్క పడిన చప్పుడు.

గోడ నీడ ఖాళీగా ఉంది. ఏదో బరువు ఈడ్చుకుపోయినట్టు గడ్డి ఒక పక్కకి ఒరిగి, ఊరి వెనకాల గుట్ట దాకా దారి పడి ఉంది.

"నిన్నే పిలిచింది బావా," అన్నాడు జోగులు. "నేను వాగు దగ్గర ఉన్నాను. అక్కడికే వినబడింది. నీ పేరే పిలిచింది."

ఆ రాత్రి కొమ్మన్న గుట్ట మీద ఉన్నాడని, తెల్లవారాక ఒంటరిగా దిగి వచ్చాడని అంటారు. అంతకంటే ఎవరికీ తెలియదు.

కూర్మయ్య వచ్చాడు. గుంట నీదేరా, వచ్చి ఉండు, నేను ఎక్కడో ఒకచోట పడి ఉంటాను అన్నాడు. కొమ్మన్న తల అడ్డంగా ఊపాడు.

"అది నాది ఎప్పుడూ కాదు తాతా. ఆమెది. నాది కానిది ఇచ్చి, నాకు రానిది కొన్నాను."

అతను ఆ గుంటలోకి మళ్ళీ అడుగు పెట్టలేదు. జింకల మంద దగ్గరికి వెళ్ళాడు. జింకల పెద్ద ఏమీ అడగకుండా చోటిచ్చాడు. ఈసారి పచ్చిక కూడా ముందే మేయమన్నాడు. కానీ కొమ్మన్నకి ఇప్పుడు ఆకు రాలినా ఎవరో పిలిచినట్టే వినబడేది. చిరుత లేని చోట కూడా పోంక్ అని కేక వేసేవాడు. మంద ఉలిక్కిపడి పరుగెత్తేది. కొన్నాళ్ళకి ఆ కేకకి ఎవరూ తల ఎత్తడం మానేశారు. అడవిలో అందరికంటే మంచి కాపలాదారు, ఎవరూ నమ్మని కాపలాదారు అయిపోయాడు. చివరికి మందని కూడా వదిలి, గానుగ దగ్గర కూలిన గోడ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు.

వానలు వెలిశాక ఒక రోజు మనుబోతు వచ్చాడు. ఈసారి నిజంగానే గానుగ అడగడానికి వచ్చాడు. పడుచువాడు. రోలు తట్టి చూశాడు. రోకలి వాసన చూశాడు. గింజలు ఎవరెవరు తెస్తారని అడిగాడు. తన దగ్గర వాగు ఒడ్డున మంచి పచ్చిక ఉందని, భార్య, పిల్లలు అక్కడే ఉన్నారని, బదులుగా అది ఇస్తానని చెప్పాడు.

కొమ్మన్న లేచి వెళ్ళి మేకుకి వేలాడుతున్న గంతల్ని నోటితో తీసుకొచ్చి అతని ముందు పడేశాడు.

"ముందు ఇవి కట్టుకో. సాయంత్రం దాకా తిరుగు. రేపు, ఎల్లుండి కూడా తిరుగు. ఆ తర్వాత గానుగ గురించి అడుగు."

మనుబోతు కట్టుకున్నాడు. తిరిగాడు. కాసేపటికే అతని ఒళ్ళు వణకడం కొమ్మన్నకి కనిపించింది. పాతరోజుల్లో తన ఒళ్ళు ఎలా వణికిందో అలాగే. అయినా మనుబోతు ఆగలేదు. పొద్దు వాలే దాకా పంతంగా తిరిగాడు. అప్పుడు ఆగి, గంతలు దులిపి కింద పడేసి, తలవంచుకుని నిలబడ్డాడు.

"నా వల్ల కాదు," అన్నాడు.

చెట్ల మీద కొండముచ్చులు గొల్లున నవ్వాయి. ఇంత ఒళ్ళు వేసుకుని ఒక పూట తిరగలేకపోయావా అన్నాయి. పిరికివాడన్నాయి. ఎప్పుడూ వాటితో కలిసి నవ్వే జోగులు, ఆ రోజు చెట్టు మొదట్లో కూర్చుని తన గోళ్ళు చూసుకుంటున్నాడు. నవ్వలేదు.

మనుబోతు సిగ్గుతో వాగు వైపు నడిచాడు. చీకటి పడకముందే చేరుకోవాలని అడుగు వేగం పెంచాడు. వాగు అవతల నుంచి అతని పిల్ల ఒకటి పిలిచింది. అతను వెంటనే పలికాడు.

కొమ్మన్న చెవులు రిక్కించి ఆ పిలుపు విన్నాడు. పలికిన గొంతు కూడా విన్నాడు. రెండూ ఆగిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

"ఏం నవ్వుతారు," అన్నాడు కొండముచ్చులతో, తల తిప్పకుండానే. "వాడు ఇంటికి వెళ్తున్నాడు."

నీతి: ఏ పనినైనా సొంతం చేసుకునే ముందు ఆ పనిని ఎంత పరీక్షిస్తావో, నిన్ను నువ్వు అంతకంటే ఎక్కువ పరీక్షించుకో, నీకు వచ్చినదాంట్లో కాదు, రానిదాంట్లో. నా వల్ల కాదని ముందే చెప్పడం ఓటమి కాదు. కాదని తెలిసీ దాచిపెడితే, ఆ మూల్యం నిన్ను నమ్మి పడుకున్నవాళ్ళు చెల్లిస్తారు.